తోలెడోలో చేస్తే డిజైన్, ఒంగోలులో చేస్తే జుగాడ్



ఈ భాగంలో పుస్తకం లేదు, నాయకుడి జీవితం లేదు. ఒక తుప్పు పట్టిన జీపు ఉంది. పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

మా పల్లె చివర పాతికేళ్లుగా ఒక జీపు పడి ఉంది. టైర్లు మట్టిలో కూరుకుపోయాయి, ఫ్లోరు రేకు సగం లేదు, వెనక సీటు కింద కోళ్లు గుడ్లు పెట్టేవి. పోయినేడాది దాని కోసం ఒక కలెక్టరు మనిషిని పంపాడు. జిల్లా కలెక్టరు కాదులెండి. పాత బండ్లు కొని షెడ్డులో వరసగా పెట్టుకునే మోజున్న పెద్దమనుషుల్ని కూడా అలాగే అంటారట. యుద్ధకాలం నాటి జీపు, మంచి రేటు ఇస్తానన్నాడు. ఆ డబ్బుతో మా రీడింగ్ రూముకి స్లాబు పడుతుంది. షరతు ఒకటే. మధ్యలో ఎవరెవరో చేసిన చెత్త రిపేర్లన్నీ పీకేసి ఒరిజినల్ కండిషన్‌లోకి తెచ్చి ఇవ్వాలి.

ఆ 'ఎవరెవరో'లో మా నాన్న ఒకడు. అందుకని ఆ బండిని అమ్మేలోపు ఒకసారి పూర్తిగా విప్పి చూద్దామన్నాను. సంఘం ఒప్పుకుంది. ఒంగోలులో నాన్న దగ్గర పని నేర్చుకున్న మేస్త్రి షెడ్డుకి లారీ మీద తోలించాం. ఆయన నాన్నని ఇప్పటికీ ఉస్తాద్ అనే అంటాడు. నన్ను అన్నా అంటాడు, నాకంటే పదేళ్లు పెద్దవాడైనా.

ముందు రంగు గీకాం. పైన నీలం. అది మనం వేసింది, 1986లో. దాని కింద తెలుపు, ఏదో సర్కారీ డిపార్ట్‌మెంటు బండిగా తిరిగిన రోజులది. తెలుపు కింద బూడిద రంగు, కాంట్రాక్టరు దగ్గరున్నప్పటిది. అన్నిటికంటే అడుగున, డ్యాష్‌బోర్డు వెనక ఎవరి చెయ్యీ చేరని మూలల్లో, మిలిటరీ ఆలివ్ పచ్చ. చరిత్ర విద్యార్థులకి మన్ను తవ్వితే పొరలు దొరుకుతాయి. మాకు ఎమిరీ పేపరుతో దొరికాయి.

తర్వాత బోల్టులు. కిరసనాయిలు, డీజిలు కలిపి పోసి రాత్రంతా నాననిస్తే కొన్ని కదిలాయి, కొన్నిటిని గ్యాస్‌తో ఎర్రగా కాల్చాల్సొచ్చింది. కొన్ని బోల్టుల తలకాయల మీద చిన్న ఎఫ్ అక్షరం అచ్చు ఉంది. మేస్త్రి దాన్ని చూసి "ఇది విల్లీస్ కాదన్నా, ఫోర్డు" అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జీపుని రెండు కంపెనీలు చేశాయి. విల్లీస్ కంపెనీ ఎంబీ అని, ఫోర్డు కంపెనీ జీపీడబ్ల్యూ అని. రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా చేశాయి. ఫోర్డు తాను చేసిన చిన్న చిన్న భాగాల మీద కూడా ఎఫ్ అచ్చు గుద్దేది. ఛాసిస్ ముందు అడ్డపట్టీ గుండ్రటి పైపైతే విల్లీస్, బోర్లించిన కాలువలా ఉంటే ఫోర్డు. మా దానిది బోర్లించిన కాలువే. మరి బాడీలో కొన్ని ముక్కలు మాత్రం విల్లీస్‌వి. ఇందులో వింత లేదు. ఒకదాని సామాను ఇంకోదానికి సరిపోవాలనే సైన్యం రెండు కంపెనీలకూ ఒకే డిజైన్ ఇచ్చింది. పేలిపోయిన పది జీపుల్ని కలిపి ఆరు జీపులు లేపడం మిలిటరీ వర్క్‌షాపుల్లో రోజువారీ పని. అంటే ఆ పెద్దమనిషి అడిగే 'శుద్ధమైన' జీపు యుద్ధం నడుస్తున్నప్పుడే లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. జీపుని మొదట చేసింది విల్లీసూ కాదు, ఫోర్డూ కాదు. పెన్సిల్వేనియాలో బట్లర్ అనే ఊళ్లో బ్యాంటమ్ అనే చిన్న కంపెనీ. 1940లో సైన్యం 49 రోజుల గడువిస్తే కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజినీరు డ్రాయింగులు గీశాడు, సెప్టెంబర్ 23న బండి సైన్యం ముందు నిలబడింది. సైన్యం ఆ డ్రాయింగుల్ని పెద్ద కంపెనీల చేతిలో పెట్టింది. మీరు చిన్నవాళ్లు, ఇన్ని లక్షల బండ్లు చేయలేరు పొమ్మంది. బ్యాంటమ్ మూడు వేల లోపు జీపులు చేసి, మిగతా యుద్ధమంతా సైన్యానికి ట్రైలర్లు చేసుకుంటూ కూర్చుంది. చేసినవాడొకడు, పేరు ఇంకొకడిది. ఈ కథ మనకి కొత్తా?

ఈ జీపులు మన దేశానికి ఎలా వచ్చాయన్నది అసలు ముచ్చట. జపాన్ బర్మాని పట్టుకున్నాక చైనాకి సామాను చేర్చే భూమార్గం తెగిపోయింది. అస్సాంలోని లెడో నుంచి కొండలు, అడవులు తొలిచి కొత్త రోడ్డు వేయడం 1942 డిసెంబర్‌లో మొదలైంది. ఆ రోడ్డు మీద పనిచేసిన అమెరికన్ సైనికులు దాదాపు 15 వేల మంది. వాళ్లలో 60 శాతం నల్లజాతి సైనికులు. తెల్లవాళ్లతో కలిపి కూర్చోబెట్టి అన్నం పెట్టని సైన్యం అది. రక్తదానం చేసినా నల్లవాడి రక్తం సీసా వేరే, తెల్లవాడి సీసా వేరే. యుద్ధమేమో స్వేచ్ఛ కోసం. 45వ ఇంజినీర్ రెజిమెంటు, 823వ ఏవియేషన్ ఇంజినీర్ బెటాలియను లాంటి నల్ల దళాలు బురదలో, మలేరియాలో, కొండచరియల కింద ఆ రోడ్డు వేశాయి. 1,100 మందికి పైగా అమెరికన్లు చచ్చిపోయారు. వాళ్ల పక్కన తట్టలు మోసిన మన కూలీల చావులకి అంత శ్రద్ధగా లెక్క రాసినవాళ్లు లేరు. 1945 ఫిబ్రవరి 4న మొదటి కాన్వాయ్ చైనాలోని కున్‌మింగ్ చేరింది. జీపులు, ట్రక్కులు, ఫిరంగులు. ఆరు నెలల్లో యుద్ధమే అయిపోయింది.

ఆ ఏళ్లలోనే బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరు, 1942 నుంచి 1946 దాకా. యుద్ధానికి కావలసిన ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లని తయారుచేసే టెక్నికల్ ట్రైనింగ్ స్కీము ఆ శాఖ కిందే నడిచింది. 1942 అక్టోబర్‌లో ఆయన వైస్రాయ్‌కి ఇచ్చిన మెమొరాండంలో షెడ్యూల్డ్ కులాల పిల్లలకి ప్రత్యేకంగా సైన్సు, టెక్నాలజీ చదువులకి స్కాలర్‌షిప్పులు అడిగారు. ఆర్ట్స్, లా చదువులు ఎవరైనా కిందామీదా పడి చదువుకుంటారు, యంత్రం దగ్గరికి మనవాణ్ణి రానిచ్చేదెవరు అన్నది ఆయన ఆలోచన అని నేననుకుంటాను. 1946లో ఆయనే అమెరికాలో డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకుంటున్న అర్జీ కాపీ కావాలని. డుబోయిస్ జవాబిచ్చారు. ఆ ఉత్తరాల సంగతి మనవాళ్లు చాలామంది రాశారు. లెడోలో రోడ్డేసిన నల్ల సైనికుల గురించి మాత్రం మన చర్చల్లో ఒక్క మాట వినపడదు. దళిత్ పాంథర్స్ 1972లో పుట్టింది, బ్లాక్ పాంథర్స్‌ని చూసి. దానికి ముప్ఫై ఏళ్ల ముందే ఆ మనుషులు మన గడ్డ మీద గడ్డపార పట్టుకుని నిలబడ్డారు.

యుద్ధం అయ్యాక వదిలేసిన బండ్లని 'డిస్పోజల్స్' పేరుతో అమ్మేశారు. కాంట్రాక్టర్లు, జమీందార్లు, ఎస్టేటుల వాళ్లు కొన్నారు. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో మొదలైన కంపెనీ కొత్త జీపుల్ని బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. ఆ మహమ్మద్ గారు దేశ విభజనలో పాకిస్తాన్ వెళ్లి 1951లో గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడ కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ తర్వాత మన ఊళ్లలోకి జీపు ఎలా వచ్చిందో మీకు తెలుసు. పోలీసు, రెవెన్యూ, దొర, ఎలక్షను. నా చిన్నప్పుడు మా పల్లెలోకి జీపు శబ్దం వస్తే మగవాళ్లు చేలల్లోకి పరిగెత్తేవాళ్లు. ఎలక్షన్ల నెలలో మాత్రం పరిగెత్తేవాళ్లు కాదు.

మరి మన దగ్గరికి జీపెలా వచ్చింది? 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరారు. బొజ్జా తారకం, కత్తి పద్మారావు గార్ల నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. మీటింగులు, పాదయాత్రలు. మా వైపు నుంచి జనం వెళ్లాలంటే బస్సు రోజుకి రెండు ట్రిప్పులు. ఊళ్లో అద్దె బండి ఉండేది. పెళ్లికైనా కాన్పుకైనా మనవాళ్లని వెనక గొలుసు పట్టుకుని నిలబడమనేవాడు, సీటు ఖాళీగా ఉన్నా సరే. అప్పుడు పదకొండు కుటుంబాలు చందాలేసుకుని వేలంలో ఈ జీపు కొన్నాయి. గేదెని అమ్మినవాళ్లున్నారు. ముక్కుపుడక ఇచ్చిన అవ్వ ఒకామె ఉంది.

బాబాసాహెబ్ జీవితం చదివినవాళ్లకి ఆ కొనుగోలు అర్థమవుతుంది. 1901లో చిన్న పిల్లాడిగా మసూర్ స్టేషన్లో దిగినప్పుడు బండివాడు తోలనన్నాడు. రెట్టింపు కిరాయి తీసుకుని, పిల్లల్నే తోలుకోమని, తాను పక్కన నడిచాడు. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాడు తోలనంటే, మనింటికొచ్చిన పెద్దమనిషిని నడిపించి తీసుకెళ్లడం అవమానమని మహర్‌వాడ వాళ్లే, అలవాటు లేని చేతులతో, టాంగా తోలారు. వంతెన దగ్గర బండి తిరగబడి ఆయన కాలు విరిగింది. బారిస్టరు అయితే ఏం, పగ్గం పట్టడం మనకి నేర్పలేదు కదా. అందుకే నాకు మన పల్లెల్లో మొదటి డ్రైవరు ఎవరు, మొదటి మెకానిక్ ఎవరు అన్నది మొదటి గ్రాడ్యుయేట్ ఎవరు అన్నంత పెద్ద ప్రశ్న. మీ ఊళ్లో అడిగి చూడండి. అవ్వలకి గుర్తుంటుంది.

సరే, రిపేర్ల దగ్గరికి వద్దాం.

బానెట్ మధ్యలో చదరంగా కోసి, దాని మీద ఒంటె మూపురంలా ఇంకో రేకు అతికించారు. ఆ పెద్దమనిషి పంపిన మనిషి దాన్ని చూసే ముందు నవ్వాడు. ఎందుకు కోశారో మేస్త్రి చూపించాడు. మిలిటరీ జీపు ఇంజిన్లో వాల్వులన్నీ పక్కన బ్లాకులోనే ఉంటాయి, అందుకని ఇంజిన్ పొట్టిగా ఉంటుంది. అది చచ్చిపోయాక నాన్నావాళ్లు మహీంద్రా పెట్రోలు జీపు ఇంజిన్ ఎక్కించారు. దాన్లో సగం వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి. ఇంజిన్ ఎత్తు పెరిగింది, బానెట్ పడదు. కోసి, మూపురం పెట్టారు. ఇప్పుడు వినండి. అమెరికాలో తోలెడో నగరంలో విల్లీస్ కంపెనీ ఇంజినీర్లకి సరిగ్గా ఇదే సమస్య వచ్చింది. వాళ్లేం చేశారు? బానెట్ ఎత్తు పెంచి, 1953లో సీజే త్రీబీ అని కొత్త మోడల్ పేరు పెట్టి అమ్మారు. మనం దశాబ్దాల పాటు చూసిన ఎత్తు ముక్కు మహీంద్రా జీపు అదే. తోలెడోలో చేస్తే డిజైన్, ఒంగోలులో చేస్తే జుగాడ్. ఈ జుగాడ్ అనే మాట మేనేజిమెంట్ క్లాసుల్లో మహా ముద్దు ఇప్పుడు. పేదవాడి తెలివి అంటూ పుస్తకాలేస్తారు. ఆ తెలివికి ఐటీఐ సర్టిఫికెట్ ఇవ్వరు, పీఎఫ్ కట్టరు, కళ్లలో వెల్డింగ్ మెరుపు పడితే మందుకి డబ్బులివ్వరు. నాన్నకి యాభై దాటేసరికి ఎడమ కన్ను మసకేసింది.

మూపురం అంచున వెల్డింగ్ గీత మీద మేస్త్రి వేలు పెట్టి, "ఇది ఉస్తాద్ చెయ్యే" అన్నాడు. ఎలా చెప్తావన్నాను. గ్యాస్ వెల్డింగులో పల్చటి రేకు వేడికి వంకర పోతుందట. అందుకని నాన్న ఒకేచోట వరసగా కొట్టకుండా ఇక్కడో బొట్టు, అక్కడో బొట్టు వేసి, చల్లారనిచ్చి, తర్వాత మధ్యలు కలిపేవాడు. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ రేకు వంకరపోలేదు. అదే జీపుకి అంతకుముందు, సర్కారీ రోజుల్లో, ఎవరో వేసిన మడ్‌గార్డు అతుకు మాత్రం అప్పడంలా లేచిపోయింది. సంతకం చేయడం నాన్నకి సరిగా రాదు. రేషన్ కార్డు మీద వేలిముద్ర. ఆయన రాత నేను మొదటిసారి చదివింది ఈ బానెట్ మీద.

ఫ్లోరుకి వేసిన అతుకులు తారు డ్రమ్ము రేకు. తిరగేసి చూస్తే తారు మరకలు ఇంకా ఉన్నాయి. ఇంజిన్ మౌంటింగుల్లో రబ్బరు బుష్షుల బదులు లారీ టైరు కోసిన ముక్కలు, మూడు పొరలు. ఒక కమాను పట్టీ జీపుదే కాదు, వేరే బండిది, కురచ చేసి బిగించారు. దానివల్లే బండి ఎప్పుడూ ఎడమకి ఒరిగి ఉండేదని ఇప్పుడు తెలిసింది. అన్నీ గొప్పవేం కాదు. వైరింగ్ చూస్తే ఒళ్లు జలదరించింది, పెట్రోలు పైపు పక్కనే బట్ట చుట్టిన జాయింటు. అది ఎవరు చేశారో అడగలేదు.

అన్నిటికంటే నన్ను ఆపేసింది ట్రాన్స్‌ఫర్ కేసు. ఇంజిన్ శక్తిని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే డబ్బా అది. జీపుల్లో అక్కడ ఆయిల్ కారడం పుట్టుకతో వచ్చిన జబ్బు. విప్పితే షాఫ్టు చుట్టూ ఆయిల్ సీలు రబ్బరుది కాదు. తోలుది. దున్నపోతు తోలు, గుండ్రంగా కోసి, లోపలి అంచు పల్చగా చెక్కి, మైనంలో నానబెట్టింది. మా పల్లెలో చెప్పులు కుట్టే తాత ఒకాయన ఆరె, రంపె పట్టుకుని చేశాడని మేస్త్రికి గుర్తుంది. షాఫ్టు మీద తొడిగి చూసి, మళ్లీ తీసి చెక్కి, మూడుసార్లకి సరిపెట్టాడట.

ఇది వింత రిపేరా? యంత్రాల చరిత్ర చూడండి. 1920లు, 30ల్లో మోటారు బండ్ల ఆయిల్ సీళ్లు తోలువే. అమెరికాలో వాటికి పేరున్న కంపెనీ పేరే చికాగో రాహైడ్, అంటే పచ్చితోలు. సింథటిక్ రబ్బరు వచ్చాకే తోలు పక్కకి పోయింది. ఆ తాతకి చికాగో తెలియదు. కానీ ఆయన తాతలు తంగేడు చెక్క, కరక్కాయ వేసి లందలో తోలు ఊనబెట్టి మోట బానలు కుట్టారు. బావి లోంచి నీళ్లు తోడే తోలు బాన కారితే చేను ఎండుతుంది. నీళ్లు కారకుండా తోలుని ఎటు కోయాలి, ఏ వైపు నునుపు బయటికి పెట్టాలి అన్నది తరాలుగా తెలిసిన విద్య. నీళ్ల బదులు గేర్ ఆయిల్. అంతే. ఆ బానతో తడిసిన చేను మాత్రం మనది కాదు.

ఇక్కడే మాలో మాకు తగాదా వచ్చింది. ఆ సీలు అరిగిపోయింది, కొత్తది కావాలి. మళ్లీ తోలుతోనే చేయిద్దాం, వీడియో తీద్దాం, మన విద్య లోకానికి తెలియాలి అని మా కుర్రాళ్ల ఉత్సాహం. ఆ తాత మనవడు బీటెక్ మెకానికల్ చదువుతున్నాడు. అతణ్ణి పిలిచారు. అతను సీలుని చేతిలో తిప్పి చూసి, పక్కన పెట్టి, "తాత చేశాడని నేను చేయాలా అన్నా? ఆ వాసన వల్లే మా నాన్నని బడిలో వెనక బెంచీలో కూర్చోబెట్టారు" అన్నాడు. షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు.

అతను చెప్పిందే నిజమని నా అభిప్రాయం. శ్రమని గౌరవించడం వేరు, కులవృత్తిని పాటకట్టి పాడటం వేరు. కులం పనినే కాదు, పనిచేసేవాళ్లనే ఒకరి కింద ఒకర్ని పెట్టి విడదీస్తుందని బాబాసాహెబ్ 1936లోనే వాదించారు. మహద్‌లో 1927లో చచ్చిన గొడ్డు మాంసం మానేయమని చెప్పిందీ ఆయనే. తోలు విద్య గొప్పదని చెప్పే సభల్లో చాలాసార్లు నాకు అనుమానం వస్తుంది, ఆ విద్య మనదే అని మెచ్చుకుంటూ మనల్ని అక్కడే కూర్చోమంటున్నారేమోనని. విజయవాడ ఆటోనగర్ నుంచి రబ్బరు సీలు తెప్పించాం. పాతదాన్ని ఆ కుర్రాడే కొలిచాడు. లోపలి వ్యాసం, అంచు మందం, చెక్కిన కోణం కాగితం మీద గీసి, కింద తాత పేరు రాశాడు. కాలేజీలో ప్రాజెక్టుకి పెడతానంటున్నాడు. రంపె పట్టనన్నవాడు వర్నియర్ పట్టాడు.

ఇక అమ్మకం సంగతి. సంఘం మీటింగు మూడు గంటలు నడిచింది. రీడింగ్ రూములో చదువుకునే ఒక అమ్మాయి లేచి సూటిగా అడిగింది. "వానాకాలం రేకుల కింద పుస్తకాలు తడుస్తున్నాయి. మీరు మీ నాన్న వెల్డింగ్ దాచుకుంటారు, మేమెక్కడ చదువుకోవాలి?" న్యాయమైన ప్రశ్న. దానికి చరిత్ర పేరు చెప్పి తప్పించుకోకూడదు. బండిని అలాగే, రిపేర్లతో సహా, కొంటారా అని ఆ పెద్దమనిషికి ఫోన్ చేశాం. మూపురం ఉంటే మూడో వంతు రేటు కూడా రాదన్నాడు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన చదివి వినిపించాడు కూడా. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు జరగని బండికే 'వింటేజ్' రిజిస్ట్రేషను. ఫీజు 20,000 రూపాయలు. అంటే వాడకుండా దాచుకోగలిగినవాడి బండికే చరిత్ర హోదా. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం రోల్స్‌రాయిస్ చూసే ఉంటారు, 1912 నాటిది, పసుపు రంగుది. ఊరేగింపులకే తప్ప రోడ్డెక్కింది తక్కువ. దానికి హోదా ఉంది. కాన్పు నొప్పులతో ఉన్న ఆడమనిషిని అర్ధరాత్రి ఒంగోలు తీసుకెళ్లిన బండికి ఉండదు, దారిలో దాని బానెట్ మారింది కాబట్టి.

ఓటింగు పెట్టాం. పదకొండు కుటుంబాల్లో ఏడు అమ్మొద్దన్నాయి, నాలుగు అమ్మాలన్నాయి. అమ్మొద్దన్న ఏడు కుటుంబాలు స్లాబుకి ఇనుము ఖర్చు భరించాలని ఆ అమ్మాయే తీర్మానం పెట్టించింది. నా వాటా కట్టాను. సిమెంటు, కంకర ఇంకా తేలలేదు.

పని ఇలా చేస్తున్నాం. ప్రాణానికి సంబంధించినవి, అంటే బ్రేకులు, స్టీరింగు, పెట్రోలు పైపు, వైరింగు, పూర్తిగా కొత్తవి. ఒరిగిన కమాను పట్టీ తీసేశాం. తుప్పు తిన్న చోట కొత్త రేకు వేస్తున్నాం, కొత్తదని తెలిసేలాగే. చిన్న సామాన్లు బెల్లం మడ్డిలో వారం పది రోజులు నానబెడితే తుప్పు వదులుతోంది, వాసన మాత్రం భరించలేం. బానెట్ మూపురం, తారు డ్రమ్ము అతుకులు అలాగే ఉంటాయి, పైన పారదర్శకమైన పూత. ఒక తలుపు పక్కన చెయ్యంత మేర నాలుగు రంగుల పొరలూ కనపడేలా గీకి వదిలేశాం. మిగతా అంతా నీలమే.

పోయిన ఆదివారం ఇంజిన్ స్టార్టయింది. మొదట పొగ, తర్వాత దగ్గు, తర్వాత నిలకడగా కొట్టుకుంది. సాయంత్రం చీకటి పడుతుంటే మేస్త్రి హెడ్‌లైటు రెక్క మర విప్పి దాన్ని వెనక్కి, ఇంజిన్ వైపు తిప్పాడు. మిలిటరీ జీపుల్లో అలా తిరుగుతుంది, రాత్రిపూట రిపేరు చేసుకోవడానికి. నాలుగు వీల్ సిలిండర్లలో రెండు ఇంకా రావాలి. బ్రేకులయ్యాక ఎవరు మొదట తోలాలన్నదాని మీద పల్లెలో పోటీ గట్టిగానే ఉంది. లైసెన్సు ఉన్నవాళ్లకే అని మేస్త్రి తేల్చేశాడు.

వచ్చే భాగంలో తంగేడు చెక్క గురించి, మద్రాసు నుంచి లండన్ వెళ్లిన తోళ్ల గురించి. మీ ఊళ్లో లంద ఎక్కడుండేదో తెలిసిన పెద్దవాళ్లుంటే ఈలోపు అడిగి రాసి పెట్టుకోండి.

జై భీమ్.